దొర మనిషి వేషం

గుత్ప చేతిలో జారుతోంది. అరచేతి నిండా చెమట.

తడికె వెనక నిలబడి ఉన్నావు. అటుపక్క పెట్రోమాక్స్ లైటు బుస్సుమంటోంది. ఇటుపక్క చీకటి, కిరసనాయిలు వాసన, కొత్త గడ్డి వాసన. కాళ్ళ కింద కళ్ళం. మొన్నమొన్ననే కుప్ప నూర్చినట్టున్నారు, అరికాళ్ళకు వడ్లగింజలు గుచ్చుకుంటున్నాయి. ముఖానికి పూసిన అర్దళం ఆరిపోయి చర్మాన్ని లాగుతోంది. కాటుకతో దిద్దిన మీసానికి బరువుండదు గానీ, అది మూతి మీద ఉన్న సంగతి నిమిషానికోసారి గుర్తుకొస్తోంది.

ఇంకో నాలుగు మాటలు. తర్వాత నీ వంతు. నువ్వు పోయి ఒక రైతును కొట్టాలి.

తడికె సందులోంచి చూడు. ముందు వరసలో గోనెపట్టాల మీద పిల్లలు. వాళ్ళ వెనక ఆడవాళ్ళు, తలల మీదుగా కొంగులు కప్పుకొని. ఆ వెనక బండ్లు. ఎద్దుల్ని విప్పి చక్రాలకు కట్టేసి, మగవాళ్ళు బండ్ల మీదే కూర్చున్నారు. చుట్టల నిప్పులు మినుకుమంటున్నాయి. కుడివైపు వేపచెట్టు కింద వేరుగా ఒక చిన్న గుంపు. మోకాళ్ళు పొట్టకు ఆనించుకొని, ఏ క్షణమైనా లేచి ఉరకడానికి తయారుగా కూర్చున్నారు. ఎవరూ చెప్పక్కర్లేదు. మీవాళ్ళే. నిజాం ఇలాకా నుంచి వచ్చినవాళ్ళు.

ఇది కృష్ణా జిల్లాలో, బెజవాడకు బండి మీద పోగలిగినంత దూరంలో ఒక పల్లె. 1947 పోయి 1948 వస్తున్న చలికాలం. నాటకం పేరు 'మా భూమి'. నిన్ను నేను కల్పించాను. పేరు నీకు నచ్చింది పెట్టుకో. ఈ రాత్రినీ నేనే కట్టాను. నాటకాన్ని మాత్రం కల్పించలేదు. వేపచెట్టు కింద ఉన్న ఆ భయాన్ని అసలే కల్పించలేదు.

మీది కోస్గి. కొడంగల్ తాలూకా, గుల్బర్గా జిల్లా, హైదరాబాద్ సంస్థానం. మీ నాయిన బాగోతాలాడేవాడు. సుగ్గి పని అయిపోయినంక ఊరూరా తిరిగి, తెల్లారేదాకా గజ్జెలు మోగించి, సోలెడు జొన్నలు మూట కట్టుకొచ్చేవాడు. చిన్నప్పుడు ఒకసారి వేషంలో ఉన్న నాయినను 'నాయినా' అని పిలిచావు. పలకలేదు. పొద్దున ముఖం కడుక్కున్నాక చెప్పాడు: "ముఖానికి రంగుండంగ ఎవడు నీ పేరు పెట్టి పిల్సినా పలుకకు బిడ్డా. అప్పుడు అది నీ పేరు గాదు."

బాగోతానికి అడ్డం ఉండేది కాదు. మాటలకే అడ్డం. నలుగురు చేరి సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. ఆ హుకుం పేరు గస్తీ నిషాన్ 53. తర్వాత ఖాసిం రజ్వీ మనుషులు, రజాకార్లు, ఊళ్ళమీద పడటం మొదలయ్యాక అనుమతి అడిగే ధైర్యమే పోయింది. తాండూరులో రైలెక్కుదామంటే స్టేషన్‌లో వాళ్ళ కళ్ళు. అందుకని దక్షిణానికి నడిచావు. రాత్రి నడక, పగలు జొన్నచేలల్లో నిద్ర. ఆత్మకూరు దగ్గర అప్పంపల్లి దారి తప్పించి పోయావు. అక్టోబర్ 7న అక్కడ పోలీసులు జనం మీద కాల్పులు జరిపారు. కృష్ణను పుట్టిలో దాటావు. పుట్టి గుండ్రంగా తిరుగుతుంటే ఏ ఒడ్డు నీదో తెలియలేదు. గద్వాల, అలంపురం, తుంగభద్ర. అటుపక్క కర్నూలు. అక్కడి నుంచి ద్రోణాచలం పోయి, రైలెక్కి బెజవాడ.

బెజవాడలో నీకు అన్నం పెట్టినవాళ్ళు నాటకాలాడేవాళ్ళు. ప్రజానాట్యమండలి. 1943లో పుట్టింది. డాక్టర్ గరికపాటి రాజారావు వంటివాళ్ళు దానికి వెన్నెముక. వైద్యం చేసే మనిషి నాటకాల వెంట ఎందుకు తిరుగుతాడా అని నీకు వింత.

మొదటిరోజు ఒక షెడ్డులో రిహార్సలు. ఒక మూల చతికిలబడి చూస్తున్నావు. తెలంగాణ రైతు వేషం కట్టినాయన దొర ముందుకొచ్చి, చక్కగా చేతులు జోడించి, "మీ కాళ్ళు మొక్కుతాను దొరగారూ" అన్నాడు.

నీకు నవ్వాగలేదు.

"ఏంటి తమ్ముడూ, అంత నవ్వొచ్చింది?" నాటకం నడిపించే ఆయన అడిగాడు. కోపంగా కాదు.

లేచావు. మాట కంటే ముందు ఒళ్ళు వంగాలని చెప్పావు. చెప్పులు కాళ్ళకు ఉండవు, దూరంగానే విడిచి చంకలో పెట్టుకోవాలి. తలకు చుట్టిన తువ్వాల నడుముకు దిగాలి. ముందు వంగేది నడుము కాదు, మెడ. కళ్ళు దొర ముఖం మీద కాదు, దొర కాలి బొటనవేలి మీద. చేతులు గుళ్ళో దండం పెట్టినట్టు నిలువుగా ఉండవు, నేల వైపు పోతూ సగంలో కలుస్తాయి. అప్పుడు, ఊపిరి మొత్తం వదిలేసి: "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త."

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. ఆయనే అడిగాడు మళ్ళీ, "మరి దొర మనిషి ఎలా నడుస్తాడు?"

అదీ చూపించావు. గుత్పను భుజాన వేసుకోడు, నేల మీద ఈడుస్తాడు. ఇల్లిల్లు దాటుతున్నప్పుడు ఆ రాపిడి లోపలివాళ్ళకు వినబడాలి. ఎవరి వైపూ చూడడు. చూడక్కర్లేదు, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. నడిచి చూపించి తిరిగి చూస్తే, షెడ్డులో అందరూ రెండడుగులు వెనక్కి జరిగి ఉన్నారు. అదేమిటో నీకూ నచ్చలేదు.

"ఈ వేషం నీదే" అన్నాడాయన.

"నాకొద్దన్నా. రైతు వేషమియ్యి."

"రైతు వేషం వేయడానికి ఈ జిల్లా నిండా రైతులున్నారయ్యా. ఆ నడక మాలో ఒక్కడికీ రాదు."

ఏం చేస్తావు? ఊరు విడిచి నువ్వు పారిపోయింది ఆ నడక నుంచే. ఒప్పుకున్నావు. ఎందుకు ఒప్పుకున్నావో ఈ రాత్రికీ నీకు తెలియదు.

సంచిలో పుస్తకం ఉంది. అట్ట మీద రెండు పేర్లు: సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు. నాటకంలో పద్యాల్లేవు. అది చూసి మొదట్లో, ఇదేం నాటకం అనుకున్నావు. ఈ జిల్లాల్లో నాటకమంటే హార్మోనియం, రాగాలు, హరిశ్చంద్రుడి కాటిసీను, జనం 'వన్స్‌మోర్' అంటే అదే పద్యం మళ్ళీ. ఆడవేషాలు మగవాళ్ళవే. స్థానం నరసింహారావు సత్యభామగా కొంగు తిప్పితే ఆడవాళ్ళే అసూయపడేవారట. ఇక్కడ నీ పక్కన చీకట్లో జుట్టు ముడి బిగించుకుంటున్నది నిజంగా ఆడమనిషే. ఇలాంటి బండ్ల మీద ఆడవాళ్ళు పాడుతున్నారు, ఆడుతున్నారు. కొండపల్లి కోటేశ్వరమ్మ పాడింది. మోటూరి ఉదయం ఆడవాళ్ళతోనే బుర్రకథ దళం నడిపింది. వాళ్ళ గురించి ఊళ్ళో అనే మాటలు నీ చెవిన పడ్డాయి. వాళ్ళ చెవినా పడే ఉంటాయి.

ఈ కథ ఎక్కడిదని అడిగితే ఒక పేరు చెప్పారు. షేక్ బందగీ. నల్లగొండ జిల్లా, జనగామ తాలూకా, కామారెడ్డిగూడెం. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కిన పేదరైతు. ఆ దేశ్‌ముఖ్ కింద 60 ఊళ్ళు, 40,000 ఎకరాలు ఉన్నాయంటారు. బందగీ కోర్టులో గెలిచాడు. దారికాచి నరికారు. 1940 జులై 27. ఆ మాట చెప్తున్నప్పుడు అందరూ నీ చేతిలో గుత్ప వైపు చూశారు. నువ్వూ చూసుకున్నావు.

"వెళ్ళు" అని వీపు మీద ఒక చెయ్యి.

అడుగు వేశావు.

వెలుగు ముఖాన కొట్టింది. రెండు బండ్ల చక్రాలు ఊడదీసి, పక్కపక్కన దించి, పైన పలకలు పరిచారు. నీ అడుగుకు పలక ధన్‌మంది. తొందరపడకు. గుత్ప ఈడువు. పలకల సందుల్లో పడుతూ లేస్తూ అది టక్, టక్, టక్‌మంటోంది. పిల్లలు నోళ్ళు తెరిచారు. ఆడవాళ్ళు గొణుగుడు ఆపారు.

వేపచెట్టు కింద ఎవరో ఊపిరి బిగబట్టారు. వాళ్ళకు ఆ చప్పుడు తెలుసు.

రైతు వేషగాడు నీ ముందు ఉన్నాడు. చెప్పులు చంకలో. మెడ ముందు, నడుము తర్వాత. నేర్చుకున్నాడు, బాగా నేర్చుకున్నాడు. "నీ బాంచెన్" అంటుంటే గొంతు నిజంగానే వణికింది. నీకు కోస్గిలో ఒక గడప గుర్తొచ్చింది. వద్దు. ఇప్పుడు వద్దు.

గుత్ప ఎత్తావు.

రిహార్సల్లో అనుకున్నట్టు అతని పక్కనున్న గోనెబస్తా మీద కొట్టాలి. కొట్టావు. దుమ్ము లేచింది. అతను అరిచాడు.

"అయ్యో కొడుకా!"

అది నాటకంలో మాట కాదు. చెట్టు కింది నుంచి వచ్చింది.

మట్టిపెళ్ళ భుజానికి తగిలింది. ఇంకోటి చెవి పక్క నుంచి పోయింది. బండ్ల మీద మగవాళ్ళు నిలబడ్డారు. ఒక ముసలవ్వ జనాన్ని తోసుకుంటూ వస్తోంది. చేతిలో ఊతకర్ర. పిల్లల మీదుగా దాటింది. పలక పట్టుకొని పైకెక్కింది. అంత వయసులో ఎలా ఎక్కిందో. నీ చొక్కా పట్టుకుంది. ఆమె పిడికిట్లో బొమికలు తప్ప ఏమీ లేవు, అయినా చొక్కా చిరిగింది.

"నీ చెయ్యి ఇరుగ! ఎన్ని కొంపలు గూల్చినవ్ రా!"

మన మాట. ఎన్ని నెలలైంది ఆ మాట విని. 'అవ్వా, నేను దొర మనిషిని గాదు, నాది కోస్గి' అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆమె చల్లబడుతుంది. నాటకం అక్కడే చచ్చిపోతుంది. ఇంతమంది జనం నవ్వుకొని ఇళ్ళకు పోతారు.

చెంప మీద దెబ్బ పడింది. కాటుక మీసం సగం చెదిరింది. నువ్వు నవ్వావు. దొర మనిషి నవ్వే నవ్వు. జనం హోరుమన్నారు.

ఈల.

ఇది కూడా నాటకంలో లేదు.

ఇంకో ఈల. దూరంగా టార్చిలైటు. ఖాకీ. ఒకరు కాదు, అయిదారుగురు. లాఠీలు. ఎద్దులు తాళ్ళు లాగుతున్నాయి. ఒక బండి ఒరిగింది. పిల్ల ఏడుస్తోంది.

"లైటార్పండ్రా!" తడికె వెనక నుంచి.

పెట్రోమాక్స్ నీ నెత్తి మీదే. వెదురుకు కట్టి ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. మర తిప్పితే చీకటి. చీకట్లో నువ్వు పోవచ్చు. అందరూ పోవచ్చు. కానీ ముందు వరస. గోనెపట్టాల మీద పిల్లలు. వాళ్ళ వెనక ఎద్దులు.

చెయ్యి పైకి పోయింది.

దించావు.

సబిన్‌స్పెక్టర్ పైకెక్కాడు. బూటు కింద పలక కిర్రుమంది. జేబులోంచి కాగితం తీశాడు. నాటకం ఆపమన్నాడు. ఆర్డరు వచ్చిందని కొన్నాళ్ళుగా కొందరు, ఇంకా రాలేదని కొందరు అంటూనే ఉన్నారు. మద్రాసు ప్రభుత్వం 'మా భూమి'ని నిషేధించిన మాట నిజం. స్వతంత్రం వచ్చి నెలలే అయింది కదా, అప్పుడే నాటకం మీద నిషేధమేమిటని నీకు అనిపిస్తే, తప్పు నీది కాదు. బెంగాల్లో తమను వెక్కిరించే నాటకాలు చూసి ఒళ్ళు మండిన తెల్లవాళ్ళు 1876లో ఒక చట్టం చేశారు. ఆడేవాళ్ళను పట్టుకోవచ్చు, చూసేవాళ్ళను పట్టుకోవచ్చు, తెరలూ దుస్తులూ జప్తు చేయొచ్చు. చేసినవాళ్ళు ఓడెక్కి పోయారు. చట్టం ఇక్కడే మిగిలింది.

"మీ నాయకుడెవడు?"

మాట్లాడలేదు.

"రాసిందెవరు?"

"పుస్తకం మీదే ఉందండీ."

"మిగతావాళ్ళ పేర్లు చెప్పు. నిన్ను వదిలేస్తాను."

ఇక్కడ ఒక్క క్షణం నిన్ను అలాగే నిలబెడతాను. ఎందుకంటే ఇదే ప్రశ్న ఈ కాలంలోనే సముద్రాల అవతల కూడా అడుగుతున్నారు. నువ్వు అప్పంపల్లి దారి తప్పించి నడిచిన అదే అక్టోబర్‌లో, వాషింగ్టన్‌లో అమెరికా చట్టసభ సంఘం సినిమా రచయితల్నీ దర్శకుల్నీ పిలిచి, నువ్వు కమ్యూనిస్టువా అని నిలదీసింది. పదిమంది జవాబు చెప్పక జైలుకు పోయారు. నాటకాలవాళ్ళ వంతు తర్వాత వచ్చింది. ఆర్థర్ మిల్లర్ నాటకాలను నిలబెట్టిన దర్శకుడు ఎలియా కజాన్ 1952లో పాత మిత్రుల పేర్లు చెప్పేశాడు. మరుసటి ఏడు జనవరిలో మిల్లర్ 'ది క్రూసిబుల్' ఆడించాడు. ఎప్పుడో 1692లో మంత్రగత్తెలని జనాన్ని ఉరితీసిన ఊరి కథ అది. అందులో నాయకుడు తన ప్రాణం ఇస్తాడు గానీ ఇంకొకరి పేరు ఇవ్వడు. 1953 జూన్ 19న, గూఢచర్యం కేసులో శిక్షపడ్డ రోజెన్‌బర్గ్ దంపతులను విద్యుత్ కుర్చీలో చంపుతున్న రాత్రి, ఆ నాటకం చివర జనం చప్పట్లు కొట్టలేదు. లేచి, తలలు వంచి, మౌనంగా నిలబడ్డారు. 1956లో మిల్లర్‌నే కూర్చోబెట్టి పేర్లు అడిగారు. చెప్పనన్నాడు. శిక్ష పడింది, 1958లో కొట్టేశారు. ఆయనకు వకీళ్ళున్నారు, పత్రికలున్నాయి. నీకు సగం మీసం ఉంది.

"చెప్తావా, స్టేషన్‌కు పోదామా?"

నోరు ఎండిపోయింది. తడికె వెనక ఏదో బరువైనది ఈడుస్తున్న చప్పుడు. దుస్తుల పెట్టె. అది బండెక్కాలి. ఇంకొంచెం సేపు కావాలి వాళ్ళకు.

"పట్కపో సారూ!"

అవ్వ. ఇంకా నీ చొక్కా వదల్లేదు.

"పట్కపో ఈన్ని! ఇడువకు! మా ఊర్ల ఎంతమందిని గొట్టిండో నన్నడుగు, నేను జెప్త. వీని దొరను గూడ పట్కపో!"

సబిన్‌స్పెక్టర్ ఆమెను చూశాడు. నిన్ను చూశాడు. చిరిగిన చొక్కా, చెదిరిన మీసం, చెంప మీద అయిదు వేళ్ళు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒక బండి నుంచి ఇంకో బండికి పాకింది. కానిస్టేబులు ఒకడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అవ్వకు మాత్రం నవ్వు రాలేదు. "నవ్వుతుండ్రేందయ్యా?" అంటూ గుడ్లనీళ్ళు కుక్కుకుంటోంది.

తడికె వెనక బండి కదిలింది. ఇరుసు కీచుమంది. నవ్వుల్లో అది ఎవరికీ వినబడలేదు. నీకు వినబడింది.

సబిన్‌స్పెక్టర్ చిన్న పుస్తకం తీశాడు. పెన్సిలు మొన నాలుకకు అద్దాడు. ఇప్పుడు గొంతులో అంత కరుకు లేదు.

"పేరు?"

ముఖానికి ఇంకా రంగుంది. ఏదో ఒక పేరు చెప్పావు.

"ఊరు?"

దీనికి మాత్రం అబద్ధం దొరకలేదు. "కోస్గి."

తల ఎత్తాడు. "కోసిగా? ఆదోని దగ్గర కోసిగా? నేను అటు పనిచేశానోయ్. బళ్ళారి జిల్లా కదూ?"

ఆదోని పక్కన కోసిగి అని ఒక ఊరు నిజంగానే ఉంది. రైలు ఆగుతుంది. 1953లో అది ఆంధ్రలో కలుస్తుంది, 1956లో కొడంగల్ తాలూకాతో పాటు మీ కోస్గి వచ్చి అదే రాష్ట్రంలో చేరుతుంది. ఈ రాత్రికి మాత్రం కోసిగి మద్రాసు రాష్ట్రంలో ఉంది, కోస్గి నిజాం రాజ్యంలో ఉంది. కోసిగివాడు పొట్టకూటికి వచ్చిన వేషగాడు. కోస్గివాడు సరిహద్దు దాటి వచ్చిన తెలంగాణ మనిషి. వాడిని రాసుకునే పుస్తకం వేరు.

పెన్సిలు కాగితం మీద ఆగి ఉంది. అవ్వ నీ ముఖంలోకి చూస్తోంది. కోస్గి పేరు ఆమె చెవిన పడినట్టుంది. పిడికిలి కొంచెం వదులైంది.

"అవునండీ" అన్నావు. బెజవాడలో నేర్చుకున్న 'అండీ'.

ఆయన రాసుకుంటున్నాడు.